నూర్‌బర్గ్‌రింగ్‌ని అనంతగిరి కొండల్లో కట్టగలమా?

పాఠకుల ప్రశ్నలకు విశాఖపట్నం నుంచి ఒక విశ్రాంత రోడ్ల ఇంజినీరు జవాబులు

ప్రశ్న: ఇంజినీరు గారికి నమస్కారం. మేం ఆరుగురు స్నేహితులం, డిప్లొమా మెకానికల్ ఆఖరి ఏడాది. జర్మనీలో ఉన్న నూర్‌బర్గ్‌రింగ్ రేస్ ట్రాక్ అంటే మాకు ప్రాణం. కంప్యూటర్ ఆటలో దాన్ని కొన్ని వందల సార్లు చుట్టి వచ్చాం. ప్రతి వంపూ, ప్రతి ఎత్తూ లేజర్‌తో కొలిచి ఆ ఆటలో పెట్టారు. కొలతలు చేతిలో ఉన్నప్పుడు అదే ట్రాక్‌ని అచ్చుగుద్దినట్టు అరకు దారిలో ఉన్న మన అనంతగిరిలో కట్టలేమా? అక్కడా కొండలే, ఇక్కడా కొండలే. అక్కడా పొగమంచే, ఇక్కడా పొగమంచే. ఎంత భూమి కావాలి, ఎంత మట్టి తియ్యాలి, ఎన్నేళ్లు పడుతుంది? లెక్క వేసి చెప్పండి. కుదరదని ఒక్క ముక్కలో మాత్రం తేల్చెయ్యకండి.
– ఆరుగురు విద్యార్థులు, గాజువాక

జవాబు: బాబులూ, ఉత్తరంతో పాటు మీరు పంపిన ఎనిమిది కాగితాలూ చూశాను. వంపు వంపుకీ వేగం ఎంత, గేరు ఏది, బ్రేకు ఎక్కడ వెయ్యాలి అని రాసుకున్నారు. ఒక రోడ్డుని ఇంత శ్రద్ధగా చదివిన పిల్లలు నాకు ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా ఎక్కువమంది తగల్లేదు. అందుకే రెండు ఆదివారాలు కూర్చుని లెక్కలు వేశాను.

ఆ ట్రాక్‌ని నేను కళ్లారా చూశాను. 2016లో మా అమ్మాయి వాళ్లు కొలోన్ నగరంలో ఉండేవారు. ఒక ఆదివారం నన్ను కారులో తీసుకెళ్లారు. బ్రున్షెన్ వంపు దగ్గర గడ్డిగట్టు మీద కూర్చున్నాం. పోటీలు లేని రోజుల్లో అది టోలు కట్టి వెళ్లే ఒన్‌వే రోడ్డు, ఎవరి కారు వాళ్లు తెచ్చుకుని ఒక చుట్టు తిరిగి రావచ్చు. చుట్టూ ఉన్నవాళ్లంతా కార్లని చూస్తున్నారు. నాకు మాత్రం కళ్లు రోడ్డు మీద నుంచి కదల్లేదు. ఆ గట్టూ, ఆ వాలూ, నీళ్లు జారిపోయే తీరూ చూస్తే, రోడ్డు వేసి కొండ మీద పెట్టినట్టు కాదు, కొండలోంచే రోడ్డు బయటికి వచ్చినట్టుంది.

అది ఊరికే అన్న మాట కాదు. ఐఫెల్ కొండ ప్రాంతం అప్పట్లో పేద ప్రాంతం. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక జనానికి పనుల్లేవు. అడెనౌలో జిల్లా అధికారిగా ఉన్న ఒట్టో క్రాయిట్స్ పట్టుబట్టి, నిరుద్యోగులకి పని చూపించే పథకం కింద ఈ ట్రాక్‌ని సాధించాడు. మన భాషలో చెప్పాలంటే కరువు పని. 1925 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగింది, 1927 జూన్‌లో పోటీలు మొదలయ్యాయి. ఉత్తర, దక్షిణ వలయాలు కలిపి 28 కిలోమీటర్ల పైచిలుకు రోడ్డు రెండేళ్లు నిండకుండా పూర్తయింది. మీరు ఆటలో తిరిగేది ఉత్తర వలయం. దాని ఇప్పటి పొడవు 20.832 కిలోమీటర్లు.

ఇప్పుడున్న యంత్రాలు లేని రోజుల్లో అంత తొందరగా ఎలా అయింది? కొండని పెద్దగా కోయలేదు కాబట్టి. నేల లేచిన చోట రోడ్డు లేచింది, నేల కుంగిన చోట రోడ్డు కుంగింది. కారు నాలుగు చక్రాలూ గాల్లోకి లేచే ఫ్లుగ్‌ప్లాట్స్ గుట్టు అదే. లోయలోకి దూకి అడుగున ఒళ్లంతా నొక్కేసే ఫుక్స్‌రోర గుట్టూ అదే. వాటిని ఎవరో బల్ల ముందు కూర్చుని ఊహించి గీయలేదు. అక్కడ ఉన్నదే అది.

రోడ్డు కట్టేవాళ్ల దగ్గర మూడు రకాల కాగితాలుంటాయి. పైనుంచి చూస్తే కనిపించే వంపుల బొమ్మ ప్లాను. పొడుగునా ఎత్తుపల్లాలు చూపించేది ఎల్-సెక్షన్. ఒక్కొక్క చోట అడ్డంగా కోసి వెడల్పూ వాలూ చూపించేవి క్రాస్ సెక్షన్లు. మీ లేజర్ కొలతల్లో ఈ మూడూ ఉన్నాయి, అదీ అంగుళాలతో సహా. లేనిదల్లా ఆ రోడ్డు కింద నేల. అది ఐఫెల్‌లోనే ఉండిపోయింది.

ఆ ట్రాక్‌లో అన్నింటికన్నా పల్లం సముద్రమట్టానికి సుమారు 320 మీటర్లు, అన్నింటికన్నా ఎత్తు సుమారు 620. అంటే తేడా 300 మీటర్లు. మన కైలాసగిరి శిఖరం 170 మీటర్ల చిల్లర. కాబట్టి ఊళ్లో ఉన్న కొండలు అందుకు చాలవు, మీరు అనంతగిరి వైపు చూడటంలో అర్థం ఉంది. అయితే ఐఫెల్ కొండలు గుండ్రటి వీపులవి, వాటి మీద రోడ్డు ఎటు తిరిగినా కాస్త చోటు దొరుకుతుంది. మన తూర్పు కనుమల అంచు అలా కాదు. ఎస్.కోట దాటి డముకు వ్యూ పాయింటు వరకూ ఒక్కసారి ఆర్టీసీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని వెళ్లండి. ఒక చేతివైపు గోడలా కొండ, రెండో చేతివైపు లోయ. రోడ్డు వెడల్పు ఎంతో చోటూ అంతే.

ఘాట్ రోడ్డు బరువు మోసే బస్సు కోసం, లారీ కోసం పుట్టింది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం కొండ దారిలో ఎక్కుడు మామూలుగా 5, 6 శాతం మించకూడదు. మరీ తప్పకపోతే 7, 8. హెయిర్‌పిన్ వంపు లోపలి వ్యాసార్థం 14 మీటర్లున్నా చాలు, ఎందుకంటే అక్కడ లెక్కలోకి తీసుకునే వేగం గంటకు 20 కిలోమీటర్లే. నూర్‌బర్గ్‌రింగ్‌లో ఎక్కుడు 17 శాతం దాకా, దిగుడు 11 శాతం దాకా ఉన్నాయి. వంపులు వేగంగా తిరగడానికి వీలుగా విశాలంగా ఉంటాయి. విశాలమైన వంపుని నిటారు కొండ చరియ మీద పెట్టాలంటే ఒక వైపు కొండని తెగ్గొట్టాలి, రెండో వైపు లోయని పూడ్చాలి. మీరు ఆశపడిన నకలు అక్కడే మొదలు, అక్కడే చిక్కు.

ఆ కొండ ఎలాంటిదో నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. మన వైపు కొండల్లో ఎక్కువ భాగం కొండలైట్ అనే రాయి. పేరు చూసి మన 'కొండ' అనుకుంటారు గానీ, ఖోండు గిరిజనుల పేరు మీద పెట్టిన పేరది. గాలికీ వానకీ నాని నాని ఎర్రమట్టిగా, బంకగా మారిపోయే గుణం దానిది. 1989లో నేను చిన్న ఇంజినీరుగా ఒక ఘాట్ రోడ్డు వెడల్పు చేసే పనిలో ఉన్నాను. ఒక వంపు దగ్గర కొండ వైపు కోసి రాతిగోడ కట్టిస్తున్నాం. మా మేస్త్రీ, చదువు లేని మనిషి, గోడ పునాదిలో చెయ్యి పెట్టి చూసి, "ఇక్కడ ఊటున్నాది బాబూ, వోన పడితే గోడ నిలవదు" అన్నాడు. అది ఏప్రిల్, నేల ఎండి పగిలి ఉంది. నేను డ్రాయింగు చూపించి గోడ కట్టించేశాను. ఆగస్టులో నాలుగు రోజుల ముసురుకి గోడతో పాటు 18 మీటర్ల చరియ రోడ్డు మీదికి వచ్చింది. అర్ధరాత్రి కాబట్టి ఎవరూ పోలేదు. నాలుగు రోజులు బస్సులు ఆగిపోయాయి, పై ఊళ్లవాళ్లు సంతకి నడిచి దిగారు. ఆ గోడ మళ్లీ కట్టినప్పుడు వెనకాల రాళ్లు పేర్చి, ఊట నీళ్లు పోవడానికి గొట్టాలు పెట్టించాను. అది ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు మీరడిగిన లెక్క. అనంతగిరిలో మనం ఎంచుకున్న దారికీ నూర్‌బర్గ్‌రింగ్ ఎల్-సెక్షన్‌కీ మధ్య సగటున 5 మీటర్ల తేడా మాత్రమే వచ్చిందనుకుందాం. ఇది చాలా ఉదారంగా వేసుకున్న అంకె. రోడ్డూ, పక్క కాలువలూ, అంచులూ కలిపి 20 మీటర్ల వెడల్పు చదును చెయ్యాలనుకుందాం. 20,832 మీటర్లని 20తో, 5తో గుణిస్తే 20 లక్షల 83 వేల ఘనపు మీటర్ల మట్టీ రాయీ. టిప్పరుకి 10 ఘనపు మీటర్లు వేసుకుంటే 2 లక్షల 8 వేల ట్రిప్పులు. రోజుకి 200 ట్రిప్పులు తిప్పగలిగితే 1,040 పని దినాలు. కొండ మీద జూన్ నుంచి అక్టోబరు దాకా మట్టి పని నడవదు. మిగిలిన ఏడు నెలల్లోనే చెయ్యాలంటే ఒక్క మట్టి పనికే ఐదేళ్లు. సగటు తేడా 5 కాక 10 మీటర్లయితే పని రెట్టింపు అయి ఊరుకోదు, కోత లోతయ్యే కొద్దీ పక్క వాలులు ఇంకా ఇంకా వెడల్పవుతాయి కాబట్టి రెట్టింపు దాటిపోతుంది. తీసిన మట్టి ఎక్కడ పొయ్యాలి? లోయలో పోస్తే కింద గెడ్డ, అంటే వాగు, పూడుతుంది, గెడ్డ కింద పొలాలు పోతాయి.

తారు పని దీని ముందు చిన్నది. 9 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం వేసుకుంటే 67 వేల టన్నుల మిశ్రమం కావాలి. కొండలైట్ కంకర దానికి పనికిరాదు, చార్నొకైట్ లాంటి గట్టి నల్లరాయి కావాలి. అది మన జిల్లాల క్వారీల్లో దొరుకుతుంది, కాబట్టి అక్కడ బెంగ లేదు.

భూమి మాట. రోడ్డు, అంచు ఖాళీలు, కంచె, సర్వీసు దారి, కోతల వాలు కలిపి సగటున 60 మీటర్ల పట్టీ వేసుకున్నా 309 ఎకరాలు. 'అంతేనా?' అనకండి. 20 కిలోమీటర్ల కంచె మూసుకున్న వలయమైతే లోపల ఏముంటుందో ఆలోచించండి. జర్మనీలో నూర్‌బర్గ్ ఊరూ, దాని పాత కోటా ఆ వలయం లోపలే ఉన్నాయి. ఆ ఊరికి దారులున్నాయి, వంతెనలున్నాయి. అనంతగిరి మండలంలో వలయం గీస్తే లోపల పడేవి గిరిజన గూడేలు, కాఫీ తోటలు, ఊట చెలమలు. రోడ్డు లేక నిండు చూలాలిని డోలీలో మోసుకొచ్చే గూడేలు ఇంకా ఉన్న కొండలవి. ఆ డోలీ వచ్చే కాలిబాటకి అడ్డంగా రేసు కోసం కంచె కట్టడానికి నా చెయ్యి రాదు, ఎన్ని కిందదారులు పెడతామని ఎవరు చెప్పినా సరే.

చట్టమూ ఒప్పుకోదు. అనంతగిరి ఐదో షెడ్యూలు ప్రాంతం, 2022 ఏప్రిల్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. 1959 నాటి భూబదిలీ నిబంధనని 1970లో సవరించారు, మనం 1/70 చట్టం అంటాం. దాని ప్రకారం అక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. ప్రభుత్వ భూమినైనా సరే ప్రైవేటు వాళ్లకి లీజుకివ్వకూడదని 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ కేసు మొదలైంది కూడా ఈ బొర్రా, అనంతగిరి కొండల్లో గనుల లీజుల మీదే. అడవికి 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం వేరే ఉంది. ఇవి దాటాల్సిన అడ్డంకులని మీరు అనుకోవద్దు. ఆ కొండలు ఇంకా ఆ కొండల మనుషుల చేతిలో ఉన్నాయంటే ఇవే కారణం.

ఇంకొకటి, అచ్చుగుద్దినట్టు కట్టినా దానికి పెద్ద పోటీలు రావు. అంతర్జాతీయ మోటారు క్రీడల సమాఖ్య ఎఫ్ఐఏ కొత్త ట్రాకులకి 12 మీటర్ల వెడల్పు అడుగుతుంది, పొడవు 7 కిలోమీటర్లు మించొద్దంటుంది. నూర్‌బర్గ్‌రింగ్ చాలా చోట్ల 8, 9 మీటర్లే. 1976 ఆగస్టు 1న ఫార్ములా వన్ డ్రైవరు నికీ లౌడా కారు అక్కడ మంటల్లో చిక్కుకుంటే, వెనక వచ్చిన నలుగురు తోటి డ్రైవర్లు దిగి ఆయన్ని లాగారు. అంత పొడవు ట్రాక్‌లో సాయం చేసేవాళ్లు వెంటనే చేరడం కష్టం. ఆ తర్వాత ఫార్ములా వన్ మళ్లీ ఆ ఉత్తర వలయంలో జరగలేదు. మనం కడితే 300 మీటర్లకొక కాపలా చౌకీ వేసినా 70 చౌకీలు, చౌకీకి ముగ్గురు చొప్పున 210 మంది. ఒక్క రోజు పరుగుకి ఇంతమంది.

ఇప్పుడు కుదిరే సంగతి. ఇంత పెద్ద ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే.

నూర్‌బర్గ్‌రింగ్ మీద ప్రేమతో ప్రపంచంలో చాలామంది ట్రాకులు కట్టారు, దాన్ని మొత్తంగా దింపకుండా. జర్మనీలోనే లైప్‌జిగ్‌లో పోర్షే కంపెనీ 3.7 కిలోమీటర్ల ట్రాక్‌లో పేరున్న ట్రాకుల వంపులని ఏరి పెట్టింది, అందులో నూర్‌బర్గ్‌రింగ్‌లోని కరూసెల్ వంపు కూడా ఉంది. జపాన్‌లో షిమొయామా దగ్గర టయోటా 2019లో 5.3 కిలోమీటర్ల పరీక్షా ట్రాక్ తెరిచింది. దానికి స్ఫూర్తి నూర్‌బర్గ్‌రింగే. వంపులు వేరు, ఎత్తు తేడా 75 మీటర్లు. కారుని పరీక్షించే గుణం మాత్రం పట్టుకున్నారు. టయోటాకి డబ్బు తక్కువై 75 మీటర్లతో ఆగలేదు. అక్కడి నేల ఇచ్చింది అంత.

కాబట్టి మీరు నాలుగు చోట్లు ఎంచుకోండి. నన్నడిగితే ఫ్లుగ్‌ప్లాట్స్ ఎత్తు, ఫుక్స్‌రోర పల్లం, బ్రున్షెన్, కరూసెల్. కరూసెల్ నాకు మరీ ఇష్టం. వంపు లోపలి అంచున ఉన్న నీటి కాలువలోకి చక్రాలు దింపి తిరిగితే కారు జారకుండా పట్టు దొరుకుతుందని తొలినాళ్ల డ్రైవర్లు కనిపెట్టారు. 1927లో అక్కడ మొదటి కార్ల పోటీ గెలిచిన రుడాల్ఫ్ కరాచియోలా పేరే ఆ వంపుకి పెట్టారు. తర్వాత ఆ కాలువ వాలుకే కాంక్రీటు పలకలు వేశారు. మన ఘాట్ రోడ్డులో కొండ వైపు పక్క కాలువ ఉంటుంది చూడండి, జన్మ అలాంటిదే. దీన్ని కట్టడానికి కొండ కూడా అక్కర్లేదు. వాలు కొలతలు సరిగ్గా ఉంటే, పలకల మధ్య అతుకుల చప్పుడుతో సహా అచ్చంగా కట్టొచ్చు. మీరడిగిన 'అచ్చుగుద్దినట్టు' అనే మాట ఈ ఒక్క వంపుకి నూటికి నూరు పాళ్లు నిజమవుతుంది.

చోటు కోసం ఏజెన్సీ వైపు చూడకండి. సబ్బవరం, కె.కోటపాడు వైపు మెట్ట భూముల్లో చిన్న గుట్టలున్నాయి. 60, 70 మీటర్ల ఎత్తు తేడా దొరికే చోటు వెతకండి. మూడున్నర కిలోమీటర్ల ట్రాక్‌కి, నా అంచనాలో, 200 ఎకరాలు చాలు. డి-పట్టా భూముల జోలికి మాత్రం వెళ్లకండి. అవి పేదలకిచ్చినవి, వాటి అమ్మకాన్ని 1977లో చట్టం చేసి నిషేధించారు.

డబ్బు గురించి ఒకే మాట. గ్రేటర్ నోయిడాలో 5.125 కిలోమీటర్ల బుద్ధ్ ట్రాక్ అందంగా కట్టారు. 2011, 2012, 2013లో మూడు ఫార్ములా వన్ పోటీలు జరిగాయి, పన్నుల వివాదాల మధ్య ఆగిపోయాయి. నూర్‌బర్గ్‌రింగ్ కంపెనీ సైతం పక్కన వినోద పార్కు కట్టి 2012లో దివాలా తీసింది. పెద్ద పోటీ ఏడాదికి మూడు రోజులు. మిగిలిన 362 రోజులూ ట్రాక్ మీద ఎవరు తిరుగుతారో ముందు రాసుకోండి: డ్రైవింగు శిక్షణ, టైర్ల పరీక్షలు, అంబులెన్స్ డ్రైవర్ల తర్ఫీదు, మీలాంటి కాలేజీ పిల్లలు కట్టిన బండ్లు. ఆ జాబితా నిండితేనే మిగతా కాగితాలు తియ్యండి.

మీకొక పని. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 టోపో షీట్లలో 20 మీటర్లకొక కాంటూరు గీత, అంటే ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీత, ఉంటుంది. సబ్బవరం షీటు మీద మీ నాలుగు వంపులూ అదే స్కేలులో పారదర్శక కాగితం మీద గీసి, తిప్పి తిప్పి పెట్టి చూడండి. గీతలకి రోడ్డు ఎక్కడ ఇమిడితే అక్కడ మట్టి పని తక్కువ. ఆ షీటు పట్టుకుని రండి. నా దగ్గర ఎత్తులు కొలిచే పాత డంపీ లెవెలూ, దాని కొలకర్రా ఇంకా ఉన్నాయి. ఒక ఆదివారం నేలెక్కి చూద్దాం.

ప్రశ్న: అన్నయ్యగారూ, మా అబ్బాయి డిగ్రీ రెండో ఏడాది. రాత్రి పదకొండు దాటాక స్నేహితులతో బైకుల మీద బీచ్ రోడ్డుకి వెళ్తున్నాడు. మందలిస్తే, మొనాకోలో ఊరి రోడ్ల మీదే రేసులు పెడతారు, మన బీచ్ రోడ్డుని అలాగే చేస్తే మాకీ బాధ ఉండదు కదా అంటున్నాడు. అలా చెయ్యడం అయ్యే పనేనా?
– ఒక తల్లి, పెదవాల్తేరు

జవాబు: చెల్లెమ్మా, మీవాడు అన్నదాంట్లో సగం నిజం. మొనాకోలో 1929 నుంచి ఊరి వీధుల్లోనే పోటీ జరుగుతోంది, చుట్టు 3.337 కిలోమీటర్లు. రేవు దగ్గర నుంచి పైకి ఎక్కే దారి ఒకటుంది, మన పాండురంగాపురం డౌన్‌ని తిరగేసి ఎక్కినట్టుంటుంది. సముద్రం, కొండ, మలుపు, అన్నీ మనకీ ఉన్నాయి. మనవాళ్లకీ ఈ పని తెలియనిది కాదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున 'ఫార్ములా-ఈ' అనే విద్యుత్ కార్ల పోటీ జరిగింది.

కాకపోతే మొనాకోలో మూడు రోజుల పోటీ కోసం రెయిలింగులు, వలలు బిగించడానికే సుమారు ఆరు వారాలు పడుతుంది, విప్పడానికి మూడు వారాలు. మన దగ్గర ఆ వలయం గీస్తే కేజీహెచ్ డౌన్ దరిదాపుల్లోకి వస్తుంది. ఉత్తరాంధ్ర జిల్లాల రోగులు వచ్చే ఆసుపత్రి దారిని తొమ్మిది వారాలు ఇరుకు చెయ్యమని నేను చెప్పను.

ఇక మీవాడి సంగతి. పగటి బీచ్ రోడ్డూ రాత్రి బీచ్ రోడ్డూ ఒకటి కాదు. సాయంత్రం గాలికి ఇసుక కొట్టుకొచ్చి తారు మీద పలచటి పొరలా పరుచుకుంటుంది, దీపాల వెలుగులో కనిపించదు. మ్యాన్‌హోల్ మూతలు ఉప్పుగాలికి నున్నగా తేలుతాయి. గంటకి 100 కిలోమీటర్ల వేగంలో ఉన్న బైకు, మంచి తారు మీద, కళ్లు చూసి చెయ్యి బ్రేకు మీద పడే ఒకటిన్నర సెకను కలుపుకుని, ఆగడానికి దాదాపు 98 మీటర్లు తీసుకుంటుంది. టైరు పట్టు సగానికి పడిపోతే అదే 150 మీటర్లు దాటుతుంది. వేకువన వలల దగ్గరికి నడిచి వెళ్లే మత్స్యకారులు ఆ 150 మీటర్లలోనే ఉంటారు. ఈ లెక్క కాగితం మీద వేసి వాడి ముందు పెట్టండి. తిట్లకన్నా అంకెలకి ఆ వయసు చెవి ఒగ్గుతుంది.

తాళాలు దాచేసి ఊరుకోకండి, ఇంకొకడి బండి ఎక్కుతాడు. వాడికున్నది చెడ్డ కోరిక కాదు, చోటు లేని కోరిక. చెన్నై దగ్గర శ్రీపెరంబుదూరు వైపు 3.717 కిలోమీటర్ల ట్రాక్ ఉంది, కోయంబత్తూరులో కరి స్పీడ్‌వే ఉంది. తోలు సూటు, మంచి హెల్మెట్ వేసుకుని, గురువు వెనక తిరిగే శిక్షణ అలాంటి చోట్ల ఉంటుంది. ఏడాదికి ఒక్కసారైనా పంపండి, మొదటిసారి వాళ్ల నాన్నగారు వెంట వెళ్తే ఇంకా మంచిది. ట్రాక్ మీద అందరూ ఒకే దిక్కుకి వెళ్తారు, ఎదురు వచ్చేవాడుండడు, పడినా జారడానికి ఖాళీ ఉంటుంది. అది ఒక్కరోజు రుచి చూసినవాడికి రాత్రి రోడ్డు ఎంత ఇరుకో తనకే తెలుస్తుంది.

ప్రశ్న: తాతగారూ, పెద్ద ట్రాక్‌కి అంత భూమి లేకపోతే అన్నీ సగం సైజులో కట్టొచ్చు కదా? అప్పుడు కార్లు సగం టైములో చుట్టు తిరిగేస్తాయి కదా?
– తొమ్మిదో తరగతి విద్యార్థిని, భీమిలి

జవాబు: తల్లీ, ఎంత చక్కని ప్రశ్న! పొడవు సగం చేస్తే వంపుల వ్యాసార్థం కూడా సగం అవుతుంది. 100 మీటర్ల వ్యాసార్థం ఉన్న వంపులో ఒక కారు గంటకి 108 కిలోమీటర్లతో జారకుండా తిరగగలదనుకో. 50 మీటర్ల వంపులో అదే పట్టుతో 54తో కాదు, 76తో తిరగగలదు. ఎందుకంటే కారుని బయటికి నెడుతున్నట్టు అనిపించే ఆ బలం వేగం వర్గంతో పెరుగుతుంది. అందుకే వేగం సగానికి పడదు, సుమారు 0.7 వంతుకి పడుతుంది. చుట్టు సమయం కూడా అంతే. 2018లో పోర్షే కారొకటి నూర్‌బర్గ్‌రింగ్‌ని 5 నిమిషాల 19 సెకన్లలో చుట్టింది. సగం సైజు ట్రాక్ మీద నీ లెక్కలో 2 నిమిషాల 40 సెకన్లు రావాలి. కానీ 3 నిమిషాల 46 సెకన్ల దగ్గర వస్తుంది.

ఇంకో చిక్కు, రోడ్డు సగమైనా కారు సగం కాదు. 9 మీటర్ల రోడ్డు నాలుగున్నర అవుతుంది, 2 మీటర్ల కారు 2 మీటర్లే ఉంటుంది. ఒకరినొకరు దాటే చోటు పోతుంది.

నమ్మకం కుదరకపోతే మీ బడి మైదానంలో చూడు. మేకు కొట్టి తాడు కట్టి సున్నంతో 10 మీటర్ల వ్యాసార్థంతో ఒక వృత్తం, 5 మీటర్లతో ఇంకో వృత్తం గీయి. సైకిలు మీద పెద్ద వృత్తాన్ని 16 సెకన్లలో తిరుగు. సైకిలు ఎంత వాలిందో స్నేహితురాలిని పక్క నుంచి ఫోటో తియ్యమను. తర్వాత చిన్న వృత్తంలో సరిగ్గా అంతే వాలి తిరుగు. 8 సెకన్లు పట్టిందా, 11 పట్టిందా? నాలుగైదు సార్లు చేసి, ఆ అంకెలన్నీ రాసి పంపు.